జాంగ్‌జియాజియే ప్రయాణం: మోకాళ్ళ నొప్పుల అత్తయ్య, తొమ్మిదేళ్ళ పిల్లాడు, ఆరు రోజులు – సలహా కావాలి

వేపచెట్టు_నీడ (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. ఇక్కడ మూడేళ్ళుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. చైనాలో హునాన్ ప్రాంతంలో ఉన్న జాంగ్‌జియాజియే జాతీయ అటవీ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. పొగమంచులో తేలుతున్నట్టు కనిపించే రాతి స్తంభాల వీడియో ఎవరో మా అత్తయ్యకి పంపారు. అప్పటినుంచి ఇంట్లో కాశీ పక్కకి పోయి ఇదే జపం. ఆవిడకి 64, మోకాళ్ళ నొప్పులు. పిల్లాడికి 9. మేమిద్దరం.

ఈ ఏడాది గాంధీ జయంతి శుక్రవారం వచ్చింది కాబట్టి అక్టోబర్ 1 నుంచి 6 దాకా అనుకున్నాం. మా ప్లాన్: మొదటి రోజు చేరుకోవడం. రెండో రోజు పొద్దున అటవీ పార్కు, సాయంత్రం తియాన్‌మెన్ కొండ. మూడో రోజు గాజు వంతెన, గుహ. నాలుగో రోజు ఫెంగ్‌హువాంగ్ అనే పాత ఊరు. ఐదో రోజు షాంఘై. ఆరో రోజు తిరుగు ప్రయాణం. మార్చాల్సినవి ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

హుబే_డాక్టరు (నెల్లూరు):
మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి చెబుతున్నానమ్మా, ఈ ప్లాన్‌లో మార్చకుండా ఉంచగలిగేది మీ అత్తయ్య ఒక్కరే.

నేను హుబేలో ఎంబీబీఎస్ చదివాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ జాంగ్‌జియాజియే మూడుసార్లు వెళ్ళాను, యీచాంగ్ నుంచి మామూలు రైల్లో. అందులో మొదటిసారి చేసిన తప్పు సరిగ్గా మీరు ఇప్పుడు చేయబోతున్నదే. అక్టోబర్ 1 చైనా జాతీయ దినం. 1 నుంచి 7 దాకా దేశమంతా సెలవు, దేశమంతా కొండల మీదే ఉంటుంది. లిఫ్ట్ ఎక్కడానికి లైన్లో మూడు గంటలు నిలబడ్డాను. ముందున్నవాళ్ళ వీపు తప్ప కొండ కనబడలేదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మాడవీధుల్లో మనకి తోపులాట ఉన్నా పుణ్యం ఉంటుంది. అక్కడ అదీ లేదు.

దసరా సెలవులకి మార్చుకోండి. 2025లో దసరా అక్టోబర్ 2నే వచ్చింది కాబట్టి గత ఏడాది ఈ సలహా ఎవరికీ ఇవ్వలేకపోయాను. ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పండగ అక్టోబర్ 20కి వెళ్ళింది. బడి సెలవులు ఆ ముందు రోజుల్లో పడతాయి. అప్పటికి అక్కడ రద్దీ తగ్గి, వానలు తగ్గి, చలి మొదలవుతూ ఉంటుంది. కొండల్లో తిరగడానికి అంతకంటే మంచి రోజులు ఉండవు.

టోపాయో_తెలుగోడు (సింగపూర్):
డాక్టరు గారితో ఏకీభవిస్తున్నా. తేదీల సంగతి అలా ఉంచి ఇంకో పెద్ద చిక్కు చెప్తాను. హోటల్ బుక్ చేశారా? చేసి ఉంటే ఏ జాంగ్‌జియాజియేలో చేశారు?

ఆ పేరుతో మూడు చోట్లు ఉన్నాయి. ఒకటి నగరం. దాని అసలు పేరు దాయోంగ్, పార్కుకి పేరొచ్చాక 1994లో ఊరికి కూడా పార్కు పేరే పెట్టుకున్నారు. విమానాశ్రయం, రైల్వే స్టేషన్లు, తియాన్‌మెన్ కొండ రోప్‌వే ఇక్కడ ఉంటాయి. రెండోది అటవీ పార్కు దక్షిణ గేటు దగ్గరున్న చిన్న ఊరు, నగరానికి ముప్పై కిలోమీటర్ల పైనే. మూడోది తూర్పు గేటు దగ్గరున్న వూలింగ్‌యువాన్ పట్నం. నగరంలో గది తీసుకుని "పార్కు పక్కనే కదా" అనుకుంటే రోజూ రెండు గంటలు బస్సుకి సమర్పణ.

పెద్దావిడ, పిల్లాడు ఉన్నారు కాబట్టి వూలింగ్‌యువాన్‌లో ఉండండి. హోటళ్ళు, తిండి, మందుల షాపులు అన్నీ నడిచేంత దూరంలో ఉంటాయి. ఆఖరి రెండు రాత్రులు నగరానికి మారి తియాన్‌మెన్ చూసుకోండి.

ఒక సరదా సంగతి. జియా అంటే ఇల్లు, కుటుంబం. జియే అంటే సరిహద్దు. జాంగ్ అనేది ఇంటిపేరు. అంటే జాంగ్ వారి పొలిమేర. లోపల యువాన్‌జియాజియే అని ఉంటుంది, యువాన్ వారిది. ఇంకో పక్క యాంగ్‌జియాజియే, యాంగ్ వారిది. మన దగ్గర ఫలానా వారి పాలెం అన్నట్టే. ఇది తెలియకపోతే మ్యాపులో మూడూ ఒకలాగే కనిపిస్తాయి. మా ఆవిడ యువాన్ బదులు యాంగ్ బస్సు ఎక్కించింది. (ఆవిడ కూడా ఈ వేదిక చదువుతుంది. నేనే ఎక్కించానని సరిదిద్దుకుంటున్నాను.)

వేపచెట్టు_నీడ:
డాక్టరు గారూ, తెలుగోడు గారూ, చాలా థ్యాంక్స్. బుక్ చేసిన హోటల్ నగరంలోనే ఉంది! రద్దు చేసుకునే వీలు ఉంది కాబట్టి బతికిపోయాం. మావారు దసరాకి సెలవు దొరుకుతుందో లేదో కనుక్కుంటున్నారు.

ఒక సందేహం. పార్కుకి ఒక్క రోజు చాలదా? టికెట్ నాలుగు రోజులు చెల్లుతుందని చూశాను. అంత ఏముంది లోపల?

ప్యాకేజీ_బాధితుడు (విశాఖపట్నం):
ఒక్క రోజు చాలదు. ఎందుకు చాలదో నా కథ వింటే తెలుస్తుంది.

రెండేళ్ళ క్రితం ఒక ట్రావెల్ ఏజెన్సీ వాళ్ళ "చైనా 8 రోజులు" ప్యాకేజీలో వెళ్ళాం. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. పార్కుకి కేటాయించింది ఒకే ఒక్క రోజు. పొద్దున జేడ్ రాళ్ళ షాపు, తర్వాత టీ రుచి చూపించే షాపు, పార్కు గేటు దగ్గరికి వెళ్ళేసరికి పదకొండు. లిఫ్ట్ ఎక్కాం. పైకెళ్ళాక తలుపు తెరుచుకుంటే తెల్లటి గోడ. పొగమంచు. రెయిలింగ్ దగ్గర నిలబడి చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. గైడు మాత్రం జెండా ఊపుతూ "ఇక్కడ అద్భుతమైన శిఖరం ఉంది, అక్కడ ఇంకొకటి ఉంది" అని శూన్యంలోకి చూపించాడు. మా గుంపులో ఒక పెద్దాయన "బాబూ, అరకులో కూడా ఇంతే మంచు ఉంటుంది, వంద రూపాయల బస్సు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మా బస్సు ఊరు దాటుతుంటే ఎండ వచ్చింది. కిటికీలోంచి చూశాను కొండల్ని.

నాలుగు రోజుల టికెట్ అంటే వాళ్ళు మనకి ఇచ్చే దయ కాదు, అక్కడి వాతావరణం మీద ఒప్పుకోలు. కనీసం మూడు రోజులు పెట్టుకోండి. ఒక రోజు మంచుకి రాసిచ్చేయండి.

బ్యాగు_భుజాన (వరంగల్):
అన్నా, నీ కథకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఒక్క మాట. అసలు లిఫ్ట్ ఎక్కడం దేనికి? బంగారు కొరడా వాగు పక్కన నడుస్తూ పోతే మధ్యలోంచి యువాన్‌జియాజియేకి మెట్లదారి ఉంటుంది. రెండు గంటలు ఎక్కితే పైనే. జనం ఉండరు. కొండ గోడకి ఉక్కు చట్రం బిగించి మూడు వందల మీటర్ల లిఫ్ట్ పెట్టడమేంటి, అది అడవా, షాపింగ్ మాలా? నేను ఎక్కలేదు, ఎక్కను.

హుబే_డాక్టరు:
తమ్ముడూ, 64 ఏళ్ళ మోకాళ్ళకి రెండు గంటల మెట్లు రాసిచ్చే డాక్టరు ఇంకా పుట్టలేదు.

కానీ నువ్వన్న దాంట్లో విషయం ఉంది. ఆ బైలాంగ్ లిఫ్ట్ ఎత్తు 326 మీటర్లు. సగం దాకా కొండ లోపలి సొరంగంలో పోతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా అద్దాల్లోంచి స్తంభాలు కనిపిస్తాయి. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు. 2002లో తెరిచినప్పుడు చైనాలోనే పెద్ద గొడవ అయింది, వారసత్వ ప్రదేశంలో ఇదేమిటని. అంతకు ముందు 1998లో యునెస్కో నిపుణులు వచ్చి, లోపల పెరిగిపోయిన హోటళ్ళూ షాపులూ చూసి గట్టిగానే మందలించారు. తర్వాత చాలా కట్టడాలు కూల్చారు, పైన ఊళ్ళలో ఉన్న చాలామందిని కిందికి తరలించారు. ఆ కూల్చివేతలు అవుతూ ఉండగానే లిఫ్ట్ కూడా కట్టారు. ఆ దేశం తీరే అంత.

నాకు మాత్రం అందులో చక్రాల కుర్చీలో ఉన్న ఒక అవ్వ అద్దానికి ముక్కు ఆనించి చూడటం గుర్తుంది. అప్పటినుంచి లిఫ్ట్‌ని తిట్టడం మానేశాను.

బ్యాగు_భుజాన:
సరే, అవ్వ ముందు ఓడిపోయాను.

రాతిబడి (తిరుపతి):
కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మీరంతా రాళ్ళ గురించి మాట్లాడుతూ అవి ఏ రాళ్ళో ఎవరూ చెప్పకపోవడం నాకు తట్టుకోలేనిదిగా ఉంది, అందుకని.

అది క్వార్ట్జ్ ఇసుకరాయి. సుమారు 38 కోట్ల ఏళ్ళ క్రితం, డెవోనియన్ యుగంలో సముద్రపు అంచుల్లో పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. తర్వాత నేల పైకి లేచింది. లేచేటప్పుడు నిలువుగా బీటలు పడ్డాయి, ఒకదానికొకటి అడ్డంగా, జీడిపప్పు కేకు కోసినట్టు. ఆ బీటల్లోకి నీళ్ళు దిగుతాయి, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతాయి, రాతిని పగలగొడతాయి. చెట్ల వేర్లు కూడా అదే పని చేస్తాయి. కోసిన ముక్కల్లో కొన్ని పడిపోగా మిగిలినవే ఈ స్తంభాలు. వూలింగ్‌యువాన్ ప్రాంతం మొత్తంలో మూడు వేలకు పైగా ఉన్నాయి, చాలావి రెండు వందల మీటర్లు దాటినవే.

చాలామంది వీటిని సున్నపురాయి అనుకుంటారు. కాదు. సున్నపురాయి నీళ్ళకి కరుగుతుంది, అందుకే గుహలు ఏర్పడతాయి. మీరు ప్లాన్‌లో రాసిన గుహ (హువాంగ్‌లాంగ్ గుహ అనుకుంటాను) ఆ పక్కనే ఉన్న సున్నపురాయిలోది. రెండు రాళ్ళు, రెండు రకాల చావులు.

మన తిరుమలలో శిలాతోరణం చూశారుగా? అదీ క్వార్ట్జ్ రాయే, ఇంకా చాలా పాతది. అలాంటి సహజ తోరణమే యువాన్‌జియాజియేలో ఉంది, "ఆకాశం కింద మొదటి వంతెన" అంటారు. మన శిలాతోరణం సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పు. అది యాభై మీటర్ల దాకా ఉంటుంది, కింద లోయ మూడు వందల యాభై మీటర్ల లోతు. దాని మీద నడుచుకుంటూ అవతలికి వెళ్ళొచ్చు. 2011లో నేను వెళ్ళినప్పుడు దాని మధ్యలో ఆగి అరచేత్తో రాయి తడిమాను. వెనక ఉన్న కొరియా వాళ్ళ గుంపు నాకేదో జబ్బు చేసిందనుకున్నారు.

టోపాయో_తెలుగోడు:
మాస్టారూ, జీడిపప్పు కేకు పోలిక అమోఘం. మా పిల్లలకి ఇదే చెప్తాను.

కొరియా వాళ్ళ మాట నిజం. బోర్డుల మీద చైనీస్, ఇంగ్లీషుతో పాటు కొరియన్ కూడా ఉంటుంది. వాళ్ళకది మనకి కాశీ లాంటిది. "అవతార్" సినిమా వచ్చాక ప్రపంచమంతా ఎగబడింది. 2010 జనవరిలో యువాన్‌జియాజియేలో ఒక స్తంభానికి ఆ సినిమాలోని కొండ పేరు కూడా పెట్టేశారు. అంతకు ముందు దాని పేరు "దక్షిణాకాశ స్తంభం". పాత పేరే బాగుంది కదూ? ఇప్పుడు అక్కడ రెక్కలున్న జంతువు బొమ్మ మీద కూర్చోబెట్టి ఫోటో తీస్తారు, డబ్బులు తీసుకుని. మీ వాడు కూర్చుంటానని మారాం చేస్తాడు, సిద్ధంగా ఉండండి.

వేపచెట్టు_నీడ:
మావాడు ఆల్రెడీ ఆ ఫోటో చూసేశాడు :)

రాతిబడి గారూ, మీ పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. "శిలాతోరణం దాకా నడిచానుగా, అదీ నడుస్తాను" అంటున్నారు. ఆవిడ తిరుమల మెట్లెక్కి పన్నెండేళ్ళయింది, ఆ సంగతి మాత్రం ఒప్పుకోరు. అసలు విషయం: పైన ఎంత నడవాలి? మెట్లు తప్పించుకోవచ్చా?

పప్పు_చారు (విజయవాడ):
నేను కిందటి నవంబర్‌లో మా అమ్మతో వెళ్ళొచ్చాను. అమ్మకి 67. కాబట్టి ఈ ప్రశ్న నాది.

పూర్తిగా తప్పించుకోలేరు. లోపల బస్సులు ఉచితం (టికెట్‌లో కలిసే ఉంటాయి), లిఫ్ట్, రోప్‌వేలు ఉంటాయి, కానీ ఒక్కో వ్యూపాయింట్ దగ్గర ముప్పై మెట్లు దిగడం, నలభై ఎక్కడం తప్పదు. మోకాళ్ళకి దిగడమే ఎక్కువ బాధ. కట్టుకునే నీ-క్యాప్, మడత కర్ర ఇక్కడినుంచే తీసుకెళ్ళండి. కొన్ని చోట్ల ఇద్దరు మనుషులు మోసే వెదురు కుర్చీలు ఉంటాయి, మన డోలీ లాంటివి. ధర ముందే మాట్లాడుకోవాలి, ఎక్కడిదాకానో కూడా ముందే తేల్చుకోవాలి. అమ్మ ఎక్కనంది, "మనిషి మీద మనిషి ఎక్కడం ఏమిటే" అని. కుర్చీ మోసే ఆయన ఖాళీగా ఉండిపోయి దిగులుగా చూశాడు. ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మేం చేసిన దారి ఇది. తూర్పు గేటు నుంచి లోపలికి వెళ్ళగానే జనమంతా లిఫ్ట్ బస్సు ఎక్కుతారు. మేము తియాన్‌జి కొండ రోప్‌వే బస్సు ఎక్కాం. రోప్‌వేలో పైకి, తియాన్‌జి చూసుకుని, పైనుంచి పైనే బస్సులో యువాన్‌జియాజియే, సాయంత్రం లిఫ్ట్‌లో కిందికి. అంటే జనానికి ఎదురు. లైను పావుగంట మించలేదు. తియాన్‌జి అంటే ఆకాశపుత్రుడు. పూర్వం శియాంగ్ దాకున్ అనే తూజియా (అక్కడి స్థానిక తెగ) నాయకుడు తిరుగుబాటు చేసి తనకి తానే ఆ బిరుదు పెట్టుకున్నాడని చెబుతారు. అక్కడ "రాజుగారి కలాలు" అని ఒక శిఖరాల గుంపు ఉంటుంది. కలాల్లాగే ఉన్నాయి, కొండకి పేరు పెట్టి నమ్మించే రకం కాదు.

రెండో రోజు కొండెక్కలేదు. బంగారు కొరడా వాగు పక్కన నడిచాం. మొత్తం దారి ఏడు కిలోమీటర్ల పైన, కానీ దాదాపు అంతా చదును. తూర్పు గేటు నుంచి బస్సులో వాగు చివరికి వెళ్ళి, ఒక గంట లోపలికి నడిచి, వెనక్కి వచ్చేశాం. పైనుంచి చూసిన స్తంభాలని కింద వాటి పాదాల దగ్గరినుంచి చూస్తాం. మెడ పట్టేస్తుంది. అమ్మకి నచ్చింది పైన చూసిన ఏ వ్యూపాయింటూ కాదు, ఈ వాగే. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని అరగంట కూర్చుంది.

కోతులున్నాయి. శ్రీశైలం కోతులకి ఏమాత్రం తీసిపోవు. చేతిలో ప్లాస్టిక్ సంచి కనబడితే అది వాటిదే.

ప్యాకేజీ_బాధితుడు:
నేను చూడనివన్నీ వరసగా చెబుతున్నారు. కానివ్వండి.

వేపచెట్టు_నీడ:
పప్పు చారు గారూ, మీ పేరు చూస్తే శాకాహారులనిపిస్తోంది. అత్తయ్య శాకాహారి, గుడ్డు కూడా తినరు. తిండి ఎలా?

పప్పు_చారు:
ఇక్కడే అసలు కథ. హునాన్ చైనాలోకెల్లా కారం తినే ప్రాంతాల్లో ఒకటి. వీధుల్లో ఎండుమిరప వాసన, గుమ్మాలకి వేలాడే మిరప దండలు చూస్తే గుంటూరు వెళ్ళినట్టే ఉంటుంది. మొదటి రోజు ఒక హోటల్లో రోలు లాంటి మట్టిగిన్నెలో కాల్చిన పచ్చిమిర్చి, వంకాయ వేసి, మా ఎదురుగానే చెక్క రోకలితో నూరి ఇచ్చారు. నమ్మండి, అది మన వంకాయ రోటి పచ్చడే. చింతపండు ఒక్కటే తక్కువ. అమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సగం కారానికి.

చిక్కేమిటంటే నూనె. చాలా చోట్ల కూరలు పంది కొవ్వులో వేయిస్తారు, ఆకుకూరలో కూడా మాంసం ముక్కలు జల్లుతారు. "మాంసం వద్దు" అంటే ముక్కలు ఏరేసి ఇస్తారు. అందుకని ఫోన్‌లో చైనీస్‌లో ఒక చీటీ రాయించి పెట్టుకున్నాను: మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, మాంసపు రసం వద్దు, కూరగాయల నూనె మాత్రమే. అది వంటావిడకి చూపించాలి, వడ్డించే అమ్మాయికి కాదు. పచ్చిమిర్చి వేసి సన్నగా తరిగిన బంగాళదుంప వేపుడు, తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతాయి. ఆ మట్టిగిన్నె పచ్చడిలో కొన్ని చోట్ల నల్లబడ్డ ఊరగుడ్డు కలుపుతారు, అది ముందే వద్దనండి.

గదిలో కెటిల్ ఉంటుంది. పులిహోర పొడి, అటుకులు, కందిపొడి తీసుకెళ్ళండి. పండ్లు మాత్రం ఇక్కడినుంచి మోసుకెళ్ళకండి, కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు.

మీవారు మాంసం తింటే స్థానిక తూజియా వాళ్ళ "మూడు కలిపిన కుండ" అడగమనండి. పొగబెట్టిన మాంసం, టోఫు, ముల్లంగి ఒకే కుండలో ఉడుకుతూ వస్తాయి.

హుబే_డాక్టరు:
చీటీ సలహా బంగారం. నోటితో చెప్పాలంటే "వో చీ సూ" (నేను శాకాహారిని). స్వరం కాస్త తప్పితే ఇంకేదో అర్థం వస్తుంది, అందుకని చీటీయే మేలు.

ఇక కాగితాల సంగతి. వీసాకి దక్షిణాదిలో కేంద్రం లేదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతాలే దిక్కు. హైదరాబాద్ నుంచి చాలామంది ఏజెంటు ద్వారా పంపిస్తారు. కనీసం నెలన్నర ముందే మొదలుపెట్టండి. వీసా చేతికి రాకముందు రద్దు కాని టికెట్ ఒక్కటి కూడా కొనకండి. భారతీయ పాస్‌పోర్టుకి వీసా లేకుండా 240 గంటలు ఉండనిచ్చే ట్రాన్సిట్ వర్తించదు. అమెరికా పౌరసత్వం ఉన్న మనవాళ్ళు చదువుతుంటే మీకు ఆ 240 గంటల వెసులుబాటు ఉంది, హునాన్ కూడా అందులో ఉంది. కాకపోతే వచ్చిన దేశానికే తిరిగి వెళ్ళకూడదు, మూడో దేశానికి టికెట్ ఉండాలి. గ్రీన్ కార్డు చాలదు, పాస్‌పోర్టే లెక్క.

డబ్బు: యూపీఐ మర్చిపోండి. అలీపే యాప్ ఇక్కడే వేసుకుని, పాస్‌పోర్టుతో ధ్రువీకరించి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు కలిపి పెట్టుకోండి. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉండాలి. ఓటీపీ మీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి. ఇది చూసుకోకుండా వెళ్ళిన నా స్నేహితుడు రెండు రోజులు అరువు మీద బతికాడు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం రుసుము పడుతుంది, పెద్ద బిల్లు ఉంటే గుర్తుంచుకోండి. కొంచెం నగదు కూడా ఉంచుకోండి, వెదురు కుర్చీల వాళ్ళకీ, మొక్కజొన్న కంకులకీ.

గూగుల్ అక్కడ పనిచేయదు. ఇండియా రోమింగ్ ప్యాక్ మీద అయితే మామూలుగా పనిచేస్తుంది. హోటల్ వైఫై మీద పనిచేయదు. దారికి గూగుల్ మ్యాప్‌ని నమ్మకండి, ఏమ్యాప్ (Amap) అనే అక్కడి మ్యాప్ యాప్ వాడండి.

పవర్ బ్యాంకు: 2025 జూన్ చివరినుంచి చైనా లోపలి విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్ బ్యాంకులు అనుమతించడం లేదు. మనం ఇక్కడ కొన్నవాటికి ఆ గుర్తు సాధారణంగా ఉండదు. రైల్లో వెళ్తే ఈ తలనొప్పి లేదు.

టోపాయో_తెలుగోడు:
రైలే మేలు. 2020 నుంచి ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబర్‌లో మళ్ళీ మొదలయ్యాయి, కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌ. కానీ తెల్లారకముందే దింపుతుంది, పెద్దావిడతో కష్టం. హైదరాబాద్ నుంచి హాంకాంగ్, అక్కడినుంచి హైస్పీడ్ రైల్లో చాంగ్‌షా మూడున్నర గంటలు, ఆ రాత్రి చాంగ్‌షాలో నిద్ర, మర్నాడు రెండున్నర గంటల్లో జాంగ్‌జియాజియే పశ్చిమ స్టేషన్. హాంకాంగ్‌లో దిగడానికి భారతీయులు ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, ఉచితమే. రైలు టికెట్లు పదిహేను రోజుల ముందు తెరుస్తారు, పాస్‌పోర్టే టికెట్. పాస్‌పోర్టు హోటల్లో వదిలి స్టేషన్‌కి, పార్కుకి వెళ్ళకండి. ఇదీ స్వానుభవమే, ఈసారి నిజంగా నాదే.

వేపచెట్టు_నీడ:
సెలవు దొరికింది! కొత్త ప్లాన్ చూడండి. 8వ తేదీ గురువారం హాంకాంగ్ మీదుగా చాంగ్‌షా. 9న వూలింగ్‌యువాన్. 10 నుంచి మూడు రోజులు పార్కు (ఒకటి మంచుకి రాసిచ్చాం, బాధితుడు గారి గౌరవార్థం). 13న నగరానికి మారి 14న తియాన్‌మెన్. 15న తిరుగు ప్రయాణం. ఆరు రోజులు ఎనిమిదయ్యాయి. షాంఘై, ఫెంగ్‌హువాంగ్ కొట్టేశాం. గాజు వంతెన మీద ఇంట్లో ఓటింగ్ 2–2.

బ్యాగు_భుజాన:
నా ఓటు వద్దనే. అది పార్కులో లేదు, వేరే లోయలో ఉంది, టికెట్ వేరు. 430 మీటర్ల పొడవు, మూడు వందల మీటర్ల ఎత్తు, గొప్పే. 2016 ఆగస్టులో తెరిచిన రెండు వారాలకే జనం తాకిడికి మూసేసి మళ్ళీ తెరిచారు. కానీ నడిచేది కాసేపు, రానూపోనూ సగం రోజు పోతుంది. కాళ్ళ కింద గాజు కావాలంటే తియాన్‌మెన్ కొండ అంచున గాజు నడకదారి ఎలాగూ ఉంది.

పప్పు_చారు:
ఈ తమ్ముడితో ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు. ఆ సగం రోజు వాగు దగ్గర కూర్చోండి. వాన పడితే మాత్రం హువాంగ్‌లాంగ్ గుహకి వెళ్ళండి, వూలింగ్‌యువాన్‌కి దగ్గరే. లోపల 19 మీటర్ల సన్నటి రాతి కడ్డీ ఒకటి నిలబడి ఉంటుంది. 1998లో దానికి పది కోట్ల యువాన్ల బీమా చేయించారట. మనం బొర్రా గుహల్లో శివలింగానికి పసుపు కుంకుమ పెట్టాం, వాళ్ళు పాలసీ రాయించారు.

తియాన్‌మెన్‌కి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. రోప్‌వే ఊరి నడిబొడ్డులోంచి, ఇళ్ళ కప్పుల మీదుగా ఏడు కిలోమీటర్లకు పైగా పోతుంది. కొండకి పడ్డ పెద్ద చిల్లు దగ్గరికి 999 మెట్లు. భయపడకండి, కొండ లోపల ఎస్కలేటర్లు తవ్వి పెట్టారు.

రాతిబడి:
ఎస్కలేటర్లు తవ్వారు. (నిట్టూర్పు.)

హుబే_డాక్టరు:
ప్లాన్ బాగుంది. ఒక్క చిన్న విషయం గమనించారా? 10వ తేదీ శనివారం. మామూలుగా అయితే వారాంతం రద్దీ కాబట్టి వద్దనేవాణ్ణి. కానీ జాతీయ దినం సెలవులకి బదులుగా ఈ ఏడాది ఆ శనివారాన్ని అక్కడ పనిదినం చేశారు. అందరూ ఆఫీసుల్లో, బళ్ళలో ఉంటారు. తియాన్‌జి, యువాన్‌జియాజియే ఆ రోజే పెట్టుకోండి. ఆదివారం వాగు. సోమవారం మంచుకి.

వేపచెట్టు_నీడ:
తెలిసి చేయలేదు డాక్టరు గారూ, అదృష్టం కలిసొచ్చింది! అలాగే మారుస్తాను.

ఆఖరి ప్రశ్న, అత్తయ్య తరఫున. చీరలో రోప్‌వే, మెట్లు ఇబ్బందా? పంజాబీ డ్రెస్ వేసుకోమంటే ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవు.

పప్పు_చారు:
మా అమ్మ మూడు రోజులూ చీరలోనే తిరిగింది. కాటన్ చీర, కాస్త పైకి కట్టి, కింద స్పోర్ట్స్ బూట్లు, పైన స్వెట్టరు. గొడుగు వద్దు, సన్నటి దారుల్లో పక్కవాళ్ళ కళ్ళకి తగులుతుంది. రెయిన్‌కోటు పెట్టండి. ఇంకొకటి: అక్కడి వాళ్ళు ఆవిడతో ఫోటో దిగుతామని అడుగుతారు. అమ్మకి మొదటి రోజు సిగ్గేసింది. మూడో రోజుకి పట్టుచీర తెచ్చుకోలేదని నన్ను సాధించింది.

వేపచెట్టు_నీడ:
ఇప్పుడే చదివి వినిపించాను. బీరువా తెరిచారు.